కంటికి కనబడని తాకట్టు

పొలము కొనువాడు భారపత్రము చూడక బయానా ఇయ్యడు. ఎంతటి అమాయకుడైనను ఈపాటి జాగ్రత్త యెఱుగును. సబురిజిస్ట్రారు కచేరికి పోయి, వెనుకటి పదునైదిరువది సంవత్సరములకు యెన్‌కంబ్రెన్సు సర్టిఫికెట్టు తెప్పించి, ఆ భూమిమీద ఏ తనఖాయు లేదని నిశ్చయించుకొనిన పిమ్మటనే పైకము చెల్లించును. ఆ మనుష్యుడే లక్షలు పోసి పాత లారీని గాని, మరయంత్రమును గాని, గోదాములోని సరకునంతను గాని కొనునపుడు ఎవరి నేమియు నడుగడు. వస్తువు అమ్మువాని స్వాధీనమం దున్నది గనుక అది వానిదే యని నమ్మును. ఈ నమ్మకమువలననే వర్తకము సాగుచున్నది. ఈ నమ్మకమువలననే వర్తకులు మునుగుచున్నారు. చరాస్తులపై గల జామీను హక్కులను రిజిస్టరున కెక్కించుట, సొమ్ము చేతులు మాఱకముందు ఆ రిజిస్టరును పరిశీలించుట అను ఈ రెండు పనులును న్యాయవాదులకును బ్యాంకి గుమాస్తాలకును మాత్రమే సంబంధించినవని మన పట్టణవాసులు తలంచుచున్నారు. ఇది పొరబాటు. భూమి లేనివానికి పరపతి దొరకుటయు దొరకకపోవుటయు ఈ రిజిస్టరుమీదనే ఆధారపడియున్నది.

పూర్వమీ చిక్కు లేదు. అప్పు కావలసినవాడు కంచుచెంబునో, కాసులపేరునో తీసికొనిపోయి షావుకారు ఎదుట పెట్టెడివాడు. వస్తువు షావుకారు పెట్టెలోనికి పోయెడిది. సొమ్ము ఋణగ్రస్తుని చేతికి వచ్చెడిది. దీనినే కుదువ యనియు తాకట్టనియు మన పెద్దలు వ్యవహరించిరి. 1872వ సంవత్సరపు కంట్రాక్టు చట్టములోని 172వ సెక్షను నిర్వచించిన తాకట్టు ఇదియే. గడువునకు అప్పు తీఱనిచో తగిన నోటీసిచ్చి వస్తువు నమ్ముకొనుటకు 176వ సెక్షను షావుకారున కధికార మొసగినది. ఇందు రిజిస్టరుతో పనిలేదు. ఇల్లాలి మెడ బోసిపోవుటయే ఇరుగుపొరుగులకు నోటీసు. నేటికిని బంగారముపై బ్యాంకులిచ్చు అప్పులు ఈ పద్ధతిననే నడచుచున్నవి.

అయితే బియ్యపుమరను షావుకారు పెట్టెలో పెట్టుట యెట్లు? మర ఆడినగాని ధాన్యము బియ్యము కాదు; బియ్యము అమ్ముడైనగాని అప్పు తీఱదు. లారీ తిరిగినగాని వాయిదా చెల్లదు. కావున వస్తువును ఋణగ్రస్తుని చేతనే యుంచి, దానిమీద హక్కును మాత్రము ఋణదాత కిచ్చు పద్ధతి యేర్పడినది. దీనినే బ్యాంకులవారు హైపాథికేషన్ అందురు. స్వాధీనము లేని తాకట్టని మనము చెప్పుకొనవచ్చును. ఇందు సరకుమీద నిచ్చు అప్పు మఱియు విచిత్రమైనది. ఈనాటి బస్తాలు రేపు పోవును, వాని చోట క్రొత్తవి వచ్చును. ఋణదాత హక్కు మాత్రము ఏనాటి కానాడు గోదాములో నున్న సరకునంతను అంటిపెట్టుకొనియుండును. ఈ యేర్పాటు లేనిచో నేటి పరిశ్రమ ఒక్కదినమైనను సాగదు. కాని దీనియం దొక గొప్ప దోషము కలదు. ఈ తాకట్టు కంటికి కనబడదు. అది ఇరువురి మధ్య నున్న కాగితము. మూడవవాని కా సంగతి తెలియు మార్గము లేదు.

తెనాలిలో ఒక మరయజమాని యున్నాడని యనుకొందము. అతడు యంత్రముమీదను, సరకుమీదను ఒక బ్యాంకునుండి అప్పు తెచ్చినాడు. అది చాలక, ఆ యంత్రముమీదనే ఒక ప్రైవేటు ఫైనాన్సువానికి రెండవ కాగితము వ్రాసియిచ్చినాడు. ధాన్యపు వ్యాపారి యొకడు, మర నిండుగ ఆడుచున్నది గదా యని, నెలనాళ్ల గడువుమీద బస్తాలు తోలించినాడు. కడపట ఆ యజమానియే యంత్రమును పొరుగూరివాని కమ్మి పైకము పుచ్చుకొన్నాడు. ఈ నలుగురును ఆ యంత్రమును కన్నులార చూచినవారే. నలుగురును దానిని నమ్మియే సొమ్మిచ్చినవారే. మర మూతపడిన దినమున నలుగురును ఒకే గుమ్మమున కలిసికొందురు. అప్పు డెవరి మాట చెల్లవలెను? "తనకు లేని హక్కును ఎవడును ఇతరున కీయజాలడు" అను సూత్రమును 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 27వ సెక్షను చెప్పుచున్నది. అనగా మోసగించినవాడు చేతులెత్తినచో మోసపోయినవారిలో నెవడో యొకడు నష్టపడవలసినదే. ఆ యొక్కనిని నిర్ణయించుట కే చట్టమునకైనను రెండే దారులు: చీకటిలో ముందుగా వ్రాయించుకొన్నవానిని మన్నించుట, లేదా వెలుగులోనికి ముందుగా వచ్చినవానిని మన్నించుట.

ఈ రహస్యపు దోషము మన కాలమున పుట్టినది కాదు. 1601లో ఇంగ్లండునందు ట్వైను కేసని పేరొందిన వ్యవహార మొకటి నడచినది. పియర్సు అనువాడు ట్వైనుకు 400 పౌనులును, మఱియొకనికి 200 పౌనులును బాకీ. రెండవవాడు దావా తెచ్చెను. దావా నడచుచుండగనే పియర్సు 300 పౌనుల విలువగల తన సరకులనన్నిటిని రహస్యముగా ట్వైనుకు వ్రాసియిచ్చెను. కాని సరకులు కదలలేదు. పియర్సే వానిని అమ్ముకొనుచుండెను. గొఱ్ఱెల ఉన్ని తానే కత్తిరించుకొనెను. వానిమీద తన గుర్తునే వేసికొనెను. అది మోసమని స్టారుచేంబరు న్యాయస్థానము నిర్ణయించినది. రహస్యమును, స్వాధీనము మాఱకుండుటయు మోసమునకు చిహ్నములని ఆనాడు చెప్పిన మాట నేటికిని న్యాయశాస్త్రమున నిలిచియున్నది. రెండున్నర శతాబ్దముల పిమ్మట, 1854లో, ఇట్టి రహస్యపు దస్తావేజులను రిజిస్టరు చేయింపవలెనని ఆ దేశపు పార్లమెంటు బిల్స్ ఆఫ్ సేల్ చట్టమును చేసినది.

ఆ ఇంగ్లండే మనల నేలిన కాలమున మన కిచ్చిన దేమి? 1882లో ఆస్తి బదలాయింపు చట్టమును, 1908లో రిజిస్ట్రేషను చట్టమును చేసి భూమిపై గల తనఖాలకు చక్కని పుస్తకము నేర్పఱచిరి. రిజిస్ట్రారు కచేరిలోని 1వ పుస్తకమును, రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చునని 57వ సెక్షను చెప్పుచున్నది. చరాస్తిని గూర్చిన దస్తావేజుల మాటయో? వానిని రిజిస్టరు చేయించుట ఐచ్ఛికము. చేయించినను అవి 4వ పుస్తకమున కెక్కును. ఆ పుస్తకపు నకళ్లు దస్తావేజు వ్రాసినవారికిని, దానినిబట్టి హక్కు చెప్పుకొనువారికిని గాని ఇతరుల కీయబడవు. అనగా ఋణగ్రస్తుడు సబురిజిస్ట్రారు ఎదుట వ్రేలిముద్ర వేసి వచ్చినను లోకమునకు తెలియదు. భూమి శిస్తునకు మూలము గనుక పరప్రభుత్వము భూమిని అక్షరమక్షరముగ లెక్కవేసినది. నేతగాని మగ్గమును, ముద్రాక్షరశాలలోని యంత్రమును, వర్తకునకు రావలసిన బాకీలును దాని కంటికి ఆనలేదు.

ఫలిత మేమి? భూమిగలవాని సంపద కానవచ్చినది, వానికి పరపతి దొరకినది. భూమిలేనివాని సంపద కానరాలేదు, వానికి పరపతి లేదు. అప్పనగానే "భూమి కాగితములు తెచ్చితివా?" యని యడుగుట మన బ్యాంకులకు నేటికిని మానని యలవాటు. పది మగ్గములు పెట్టి నలువదిమందికి అన్నము పెట్టువాడు, బావమఱది పొలము కాగితములకై వాని గుమ్మమున నిలువవలసియున్నది. స్వరాజ్యము వచ్చినదన్నచో తన శ్రమతో సంపాదించిన వస్తువును చూపి తన పేరిట అప్పు తెచ్చుకొను యోగ్యత ప్రతి వృత్తికారునకును రావలెను గదా!

స్వతంత్ర భారతమున ఈ విషయమై ఏమియు జరుగలేదనుట న్యాయము కాదు. ఇపుడు కొన్ని పుస్తకములు కలవు. మొదటిది కంపెనీల రిజిస్ట్రారునొద్ద నుండు ఛార్జీల పుస్తకము. దీనికి 1913వ సంవత్సరపు కంపెనీల చట్టమునందే బీజము పడినది. 2013వ సంవత్సరపు చట్టములోని 77వ సెక్షను ప్రకారము, కంపెనీ తన ఆస్తిమీద కల్పించిన ప్రతి ఛార్జీని 30 దినములలో నమోదు చేయింపవలెను. హెచ్చు రుసుములమీద మఱికొంత గడువు దొరకును. నమోదుకాని ఛార్జీని కంపెనీ దివాలాలో లిక్విడేటరు పరిగణింపడు. బాకీ పోదు గాని, ముందు నిలుచు యోగ్యత పోవును. నమోదైనచో, దాని సంగతి లోకమునకు తెలిసినట్లే భావింపవలెనని 80వ సెక్షను చెప్పుచున్నది. ఈ పుస్తకమును రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చును.

రెండవది మోటారు బండ్లకు సంబంధించినది. 1988వ సంవత్సరపు చట్టము 51వ సెక్షను క్రింద అప్పిచ్చినవాని పేరు బండి రిజిస్ట్రేషను సర్టిఫికెట్టునందే యెక్కును. 34వ ఫారముతో ఎక్కించినదానిని, అప్పు తీఱిన పిమ్మట ఋణదాత సంతకముగల 35వ ఫారముతో తీసివేయింపవలెను. మూడవది గోదాములకు సంబంధించినది. 2007వ సంవత్సరపు చట్టము క్రింద నమోదైన గోదాములు సరకునకు బదలాయింపదగిన రసీదు నీయవచ్చును. 2017 నుండి ఈ రసీదు విద్యుత్ రూపమునను వెలువడుచున్నది. రసీదు చేతులు మాఱినచో సరకుమీది హక్కు మాఱును.

నాలుగవదియే నేడు మనము ముఖ్యముగా గమనింపవలసినది. సర్ఫేసీ యని వాడుకలోనున్న 2002వ సంవత్సరపు చట్టము క్రింద, సెర్సాయి యను కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31న పని ప్రారంభించినది. మొదట అది ఇండ్లకాగితములను పలుచోట్ల కుదువబెట్టు మోసములను అరికట్టుటకు పుట్టినది. 2016లో యంత్రములు, సరకులు, రావలసిన బాకీలు మున్నగు చరాస్తులకును విస్తరించినది. 2020 జనవరి 24 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త అధ్యాయము దీనికి కోఱలు తెచ్చినది. రిజిస్ట్రీలో నెక్కిన హక్కు, ఎక్కిన తేదీ సమయముల నుండి లోకమున కెల్ల నోటీసు. ఎక్కింపని ఋణదాత ఈ చట్టము క్రింద ఆస్తిని స్వాధీనపఱచుకొనజాలడు. ఎక్కించినవాని బాకీ ఇతర బాకీలకన్నను, ప్రభుత్వపు పన్నులకన్నను ముందు చెల్లవలెను. పన్నుల యధికారులు సైతము తమ జప్తును ఈ పుస్తకమున కెక్కించిననే వరుసలో నిలువగలరు. పన్ను వసూలుచేయు సర్కారును సామాన్యునివలె వరుసలో నిలిపిన పుస్తకమిది!

దీనియం దొక మంచి మినహాయింపు కూడ కలదు. ఋణగ్రస్తుడు తన మామూలు వ్యాపారక్రమమున జరుపు లావాదేవీలకు ఈ నియమము తగులదు. తెనాలి మరలో బియ్యపు బస్తా కొనిన చిల్లర వర్తకుడు ఏ రిజిస్ట్రీయు చూడనక్కఱలేదు. బస్తా లమ్ముటయే మరవాని వ్యాపారము. కాని మరయంత్రమునే కొనినవాడు "నాకు తెలియదు" అని తప్పించుకొనజాలడు. యంత్రముల నమ్ముట మరవాని వ్యాపారము కాదు. ఈ భేదమును మన వర్తకులు హృదయమున నిలుపుకొనిన చాలును, సగము చిక్కులు తీఱును.

ఇన్ని పుస్తకములుండగా ఇక లోప మేమి యందురా? పుస్తకములు ఇన్ని యుండుటయే లోపము. కంపెనీ యైన నొకచోట, బండి యైన నొకచోట, గోదాము రసీదైన నింకొకచోట, మిగిలిన దంతయు మఱియొకచోట వెదుకవలెను. మన పట్టణములలోని వ్యాపారులలో కంపెనీలుగా నేర్పడినవా రెందఱు? సొంతపేరున గాని, భాగస్వామ్యమున గాని వ్యాపారము చేయువారే పెక్కండ్రు. వారికి కంపెనీల పుస్తకముతో సంబంధము లేదు. ఇక సెర్సాయి ప్రధానముగ బ్యాంకులకును, ఆర్థిక సంస్థలకును ఏర్పడినది. ఇతర ఋణదాతలకు సయితము ఈ ద్వారము తెఱచుటకు 2016 సవరణ కేంద్రప్రభుత్వమున కధికార మిచ్చినది. అది కాగితముమీది యధికారముగా నిలిచిపోక, ఊరి ఋణదాతయు, అరువుమీద సరకు తోలు వ్యాపారియు నిత్యము నడచు బాట కావలెను. మన తెనాలి కథలో ప్రైవేటు ఫైనాన్సువాడును, ధాన్యపు వ్యాపారియు ఆ పుస్తకమున కానరాకున్నంతవఱకు, చూచినవానికి సగము సత్యమే కనబడును. సగము సత్యము చూపు పుస్తకము కొన్ని వేళల పుస్తకమే లేకుండుటకన్న ప్రమాదకరము.

పేరుల చిక్కు వేఱొకటి. మన ఇంటిపేరులను ముందు వ్రాయువారు కొందఱు, వెనుక వ్రాయువారు కొందఱు, పొడియక్షరముతో సరిపుచ్చువారు కొందఱు. సుబ్బారావు అను పేరును ఆంగ్లమున నొక్కమాటగా వ్రాయువాడొకడు, రెండుగా చీల్చువాడొకడు. యంత్రము వెదకునది అక్షరములను గాని మనుష్యుని కాదు. పేరులో నక్షరము తప్పినందున జామీనులు చెల్లక పోయిన వ్యవహారములు అమెరికా న్యాయస్థానములలో కలవు. కావున ఎక్కించునపుడును వెదకునపుడును పేరుతో తృప్తిపడక, పాను సంఖ్యను, యంత్రపు వరుస సంఖ్యను, బండి ఛాసిస్ సంఖ్యను పట్టుకొనవలెను.

ఇతర దేశములీ చిక్కును తీర్చుకొనిన విధము విచారింపదగినది. అమెరికా రాష్ట్రములు ఏకరూప వాణిజ్య స్మృతి 9వ భాగము క్రింద, తాకట్టు, షరతు విక్రయము, హైపాథికేషన్ అను పేరుల భేదము మాని, వస్తువుమీద అప్పునకు హామీగా నేర్పడిన ప్రతి హక్కును ఒకే కొలతతో కొలిచినవి. 1953లో పెన్సిల్వేనియా రాష్ట్రము ముందుగా దాని నంగీకరించినది. కెనడా రాష్ట్రములును, 2002 మే 1 నుండి న్యూజీలాండును, 2012 జనవరి 30 నుండి ఆస్ట్రేలియాయు ఆ దారిననే నడచినవి. ఆస్ట్రేలియాలో దేశమంతటికి నొక్కటే పుస్తకము. పాత మోటారుబండి కొను సామాన్యుడు సయితము దానిని చూచి కొనును.

కాని ఆ పుస్తకము దయలేనిది. ఆ దేశమున ఫోర్జ్ గ్రూప్ అను కంపెనీ విద్యుత్కేంద్రమునకై వాయుయంత్రములను అద్దెకు తెచ్చుకొన్నది. అద్దె కిచ్చినవారు ప్రపంచ ప్రసిద్ధులు. కాని అద్దె ఒడంబడికను రిజిస్టరున కెక్కింపలేదు. 2014లో ఫోర్జ్ దివాలా స్థితికి వచ్చెను. యంత్రములు మావే యని సొంతదారులు మొఱపెట్టుకొన్నను, రిజిస్టరున కెక్కలేదు గనుక వానిమీది హక్కు మునిగిన కంపెనీకే చెందినదని న్యాయస్థానము నిర్ణయించినది. 2017లో అప్పీలు సయితము పోయినది. అపార ధనమును, న్యాయవాదుల బలగమును గల సంస్థకే ఇట్టి గతి పట్టినచో, ఇట్టి చట్టమును ఉన్నదున్నట్లుగా మనము దిగుమతి చేసికొనిన నాడు, నూలు అరువిచ్చు చీరాల వర్తకునకు ఎట్టి గతి పట్టునో పాఠకులే యూహింపవచ్చును. కావున ఒకే పుస్తకము కావలెననుటలో మాకు సందేహము లేదు గాని, చిన్నవాడు తన హక్కు నెక్కించుకొనుటకు సులభమైన మెట్లు కట్టిన పిమ్మటనే ఎక్కింపనివానిని శిక్షించు నియమమును బిగింపవలెనని మా యభిప్రాయము.

కాగితము చూచుటతో పని తీఱినదని యెవరును భ్రమపడరాదు. 1963లో అమెరికాలో ఆంటొనీ డి ఆంజెలిస్ అను నూనె వర్తకుడు పెద్ద పెద్ద తొట్లలో నీరు నింపి, పైన కొంత నూనె పోసి, ఆ తొట్లన్నియు నూనెతో నిండియున్నవని గోదాము రసీదులు పుట్టించి, వానిమీద కోట్ల డాలర్ల అప్పు తెచ్చెను. రసీదు సరియైనదే, సంతకము సరియైనదే, తొట్టిలో నూనె లేదు. రిజిస్టరు హక్కును చూపునుగాని సరకును చూపదు. గుంటూరు శీతల గిడ్డంగులలో మిరపకాయ బస్తాలు దాచి, ఆ బాండ్లమీద అప్పులు తెచ్చుకొను రైతులును, అప్పిచ్చు వర్తకులును ఈ కథ మఱువరాదు. బాండుమీది సంఖ్యకును, గిడ్డంగిలోని బస్తాలకును పొత్తు కుదిరినదా, ఆ బస్తాలకే వేఱొక బాండు పుట్టినదా యని కన్నులతో చూచుకొనవలెను. నమోదైన గోదామువారి రసీదునకును ప్రైవేటు చీటీకిని గల తేడా యిక్కడనే తెలియును.

మన దేశమున అప్పు బయటపడుట యన్నచో పరువు పోవుటయే యను భావము బలముగ నున్నది. "నా మగ్గము తాకట్టున నున్నదని ఊరివారందఱికి తెలుపవలెనా?" యని యొక పెద్దమనుష్యు డడుగవచ్చును. భూమి తనఖా రిజిస్టరైనంతమాత్రమున మన రైతుల పరువు పోయినదా? దాచిన అప్పు బయటపడిన నాడు పోవు పరువు, చెప్పుకొనిన అప్పువలన పోదు. అదియునుగాక, నా వస్తువుమీద ఏ భారమును లేదని చూపగలవానికే తక్కువ వడ్డీకి సొమ్ము దొరకును. రహస్యమునకు మూల్యము వడ్డీరూపమున మన మిప్పటికే చెల్లించుచున్నాము. తాకట్టు లేని నిజాయితీపరుడును, మూడు తాకట్టులు దాచిన మోసగాడును ఋణదాత కంటికి సమానముగ కనబడుచున్నంత కాలము, మోసగాని వడ్డీని నిజాయితీపరుడు మోయక తప్పదు.

రెండవ ఆక్షేపణ బలమైనది. ఈ పుస్తకములు పెద్ద బ్యాంకుల చేతికి కత్తి నిచ్చుచున్నవి గాని చిన్నవానికి కవచము నిచ్చుట లేదని కొంద ఱందురు. దీనిని మేము త్రోసివేయము. ఒక్క సంగతి చూడుడు. వృత్తికారుని పనిముట్లను, రైతు నాగలిని, ఎద్దులను, విత్తనపు గింజలను డిక్రీలక్రింద జప్తు చేయరాదని 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు స్మృతి 60వ సెక్షను రక్షణ యిచ్చినది. సర్ఫేసీ చట్టమును ఆ రక్షణను మన్నించినది. కాని ఆ వస్తువునే ప్రత్యేకముగా అప్పునకు హామీగా వ్రాసియిచ్చినచో ఆ మన్నన వర్తింపదు. లక్షరూపాయలు మించని జామీనులకు ఆ చట్టము తగులదను సంగతియు జ్ఞాపకముంచుకొనవలెను. నేతగాడు మగ్గమును హైపాథికేట్ చేయు కాగితముపై సంతకము పెట్టునపుడు, తండ్రితాతలనాటి నుండి చట్టము తనకిచ్చిన కవచమును విప్పి పెట్టుచున్నాడని యెవడైనను అతనికి తెలుగున చెప్పుచున్నాడా? ఇరువది పుటల ఆంగ్లపు కాగితములలో ఆ వాక్య మెక్కడ నున్నదో గుమాస్తాకే తెలియదు. ఇది సవరింపవలసిన అన్యాయము.

మన పాఠకులు స్వయముగా చేయదగిన పనులు కొన్ని కలవు. కొనువాడు, విక్రేత కంపెనీ యైనచో ఛార్జీల పుస్తకమును, కాకున్నను కేంద్ర రిజిస్ట్రీని చూడవలెను; అది స్వల్ప రుసుముతో నగు పని. విక్రేత ఆ యంత్రమును కొనినప్పటి అసలు బిల్లును అడుగవలెను. బ్యాంకి పేరు కనబడినచో విక్రేత మాట నమ్మక, బ్యాంకినుండియే బాకీ తీఱినదను ఉత్తరమును తెమ్మనవలెను. లేదా వెలనుండి ఆ బాకీని నేరుగా బ్యాంకికే చెల్లించి రసీదు పొందవలెను. ఆటోనగరులో పాత లారీ కొనువాడు సర్టిఫికెట్టుమీద ఫైనాన్సువారి పేరున్నదా యని చూచి, 35వ ఫారము చేతికి రానిదే పూర్తి పైకము చెల్లింపరాదు. అప్పిచ్చువాడు సొమ్ము చేతులు మాఱకముందే వెదకవలెను. ఇచ్చిన దినముననే తన హక్కు నెక్కింపవలెను. వరుసలో ముందుండుట తేదీనిబట్టి గాని స్నేహమునుబట్టి కాదు. అరువుమీద సరకు తోలువాడు కనీసము తన గిరాకీ ఆస్తి ఎవరికి లోబడియున్నదో తెలిసికొని అరువు హద్దు నిర్ణయించుకొనవలెను.

అప్పు తీర్చినవానికి ఒక్కమాట. వాయిదాలు చెల్లిన మాత్రమున పుస్తకములోని భారము తనంత తాను చెఱగిపోదు. కంపెనీలకు 30 దినములలో అప్పు తీఱిన సంగతిని తెలుపవలెనను నియమ మున్నది. వ్యక్తుల ఋణముల విషయమున, అప్పు పూర్తిగా తీఱిన 30 దినములలో అసలు కాగితములను తిరిగి యిచ్చి, ఏ రిజిస్ట్రీలో నున్న భారమునైనను తీసివేయవలెననియు, తమ తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల వంతున పరిహార మీయవలెననియు రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఆదేశించినది. అది 2023 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ హక్కు నడిగి పుచ్చుకొనుడు. తీఱిన అప్పు పుస్తకమున మిగులుట, తీఱని అప్పు పుస్తకమున లేకుండుట వలెనే పరపతికి విఘాతము.

ప్రభుత్వమును మేము కోరునవి యివి. చెదరియున్న పుస్తకముల నన్నిటిని ఒక్క వెదుకులాటతో చూడగల యేర్పాటు కావలెను. ఆ వెదుకులాట తెలుగునను జరుగవలెను. మీసేవ కేంద్రమున యెన్‌కంబ్రెన్సు సర్టిఫికెట్టు తెచ్చుకొనునట్లు చరాస్తి భారపత్రమును సామాన్యుడు తెచ్చుకొనగలుగవలెను. ఊరి ఋణదాతకును, అరువిచ్చు వ్యాపారికిని ద్వారము తెఱువవలెను. తెఱచిన పిమ్మట, వడ్డీవ్యాపారి లేని హక్కును పుస్తకమున వ్రాయించి పేదవానిని బెదరింపకుండునట్లు తప్పుడు నమోదును త్వరగా కొట్టివేయు విధానమును, అట్లు వ్రాయించినవానికి శిక్షయు నుండవలెను. పనిముట్లను హామీగా వ్రాయించుకొనునపుడు దాని ఫలమును ఋణగ్రస్తుని భాషలో, విడికాగితముపై తెలుపుట విధి కావలెను.

1923లో మచిలీపట్టణమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర బ్యాంకును స్థాపించిన కాలమున, మన సొమ్ము మన పరిశ్రమలకు ఉపకరింపవలెనను ఆశయము దేశమున మేల్కొనియుండెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకునందు విలీనమైనది. పేరు పోవచ్చును గాని ప్రశ్న పోలేదు. ఆంధ్ర తెలంగాణముల పట్టణములలో చేతిపనివాడును, చిన్న వర్తకుడును, భూమి కాగితము లేకయే తన వస్తువును చూపి న్యాయమైన వడ్డీకి సొమ్ము తెచ్చుకొను దినము రావలెను. అది ఋణదాత దయవలన రాదు. వెలుగులోనున్న లెక్కవలన వచ్చును. మన వర్తక సంఘములును, న్యాయవాదుల సంఘములును, గ్రంథాలయములును వారమున కొక సాయంకాలము ఈ రిజిస్ట్రీలను చూచు విధమును పదిమందికి నేర్పుటకు పూనుకొనవలెనని హెచ్చరించుచున్నాము. భూమి కొనుటకు ముందు భారపత్రము చూచు అలవాటు మన తాతలు నేర్చినారు. లారీకిని, మగ్గమునకును, మరకును అదే అలవాటును నేర్చుట మన తరమువారి విధి.